ఇడ్లీ పిన్ని, బ్రాడీపేట

తెల్లారి ఆరుంపావు.
మొదటి వాయి ఇంకా ఉడకలా.
తాలింపు గరిటె చేతిలో ఉండగానే
ఫోను మోగింది.

"ఇడ్లీ పిన్నేనా?"

నా పేరు అంకమ్మ.
నాలుగో లైను మలుపులో పదకొండేళ్ళ నుంచి బండి.
ఎవరి ఫోనులో నేను ఇడ్లీ పిన్నినో
వాడికి తప్ప ఆ పేరు తెలీదు.

"ఇర్మియా నీకేమవుతాడు?"
రెండు ఇడ్లీ, ఒక గారె అవుతాడు.
కారప్పొడి ఎక్కువ, నెయ్యి వద్దు అవుతాడు.

"పద్దెనిమిది వేలు ఎగ్గొట్టాడు. నువ్వు కడతావా,
వాడి బొమ్మ నీ బండికి అంటించమంటావా?"
తర్వాత బూతులు. అవి చెప్పను.
ఇడ్లీపాత్ర మూత తీసినట్టు
ఆవిరి మొహాన కొట్టింది.

ఆ పూట ఇర్మియా రాలా. మర్నాడూ రాలా.
రక్తపరీక్షల ల్యాబులో అడిగితే సెలవన్నారు.
వాళ్ళ ఓనరుకీ ఫోనొచ్చిందంట,
పాస్టరుగారికీ, గ్యాసు బండ తెచ్చే కుర్రాడికీ,
ఎప్పుడో చెయ్యి విరిగితే కట్టు కట్టినాయనకీ.

నాకూ బాకీ ఉన్నాడు వాడు.
క్యాలెండరు మీద గీతలు, నూట నలభై.
అడగడానికి నాకో పద్ధతుంది.
ప్లేటిచ్చేటప్పుడు కాదు, తినేటప్పుడు అసలే కాదు,
చెయ్యి కడుక్కున్నాక, పక్కన ఎవరూ లేనప్పుడు
"అబ్బాయ్, కాస్త చూడు" అని.
ఇవ్వనోళ్ళ గీతలు
జనవరిలో పాత క్యాలెండరుతో పాటే పోయినయ్.

రహంతుల్లా గారు బ్యాంకులో చేసి దిగిపోయిన మనిషి.
గారె చట్నీలో నాననిస్తూ చెప్పాడు:
పొద్దున ఎనిమిదికి ముందు చెయ్యకూడదంట,
రాత్రి ఏడు దాటాక కూడా.
చుట్టాల్నీ స్నేహితుల్నీ పిలిచి పరువు తియ్యకూడదు.
ఇంటికొస్తే చీటీ, కార్డు చూపించాలి.
రిజర్వు బ్యాంకు రాసిపెట్టిందంట.

"రాసిపెట్టి ఏం లాభం సాయిబుగారూ,
ఆరుంపావుకి రిజర్వు బ్యాంకు లెగుద్దా?"
ఆయన నవ్వలా.
"అది లెగవదు. నువ్వు లేచే ఉన్నావుగా,
టైము రాసుకో."

రాసుకున్నా, బాకీ గీతల పక్కనే.
మంగళవారం ఆరుంపావు.
బుధవారం ఐదూ యాభై. రాత్రి తొమ్మిదిన్నర, ఆడగొంతు.
శుక్రవారం నాలుగుసార్లు.
మాట పట్టే మీట మా మనవరాలు చూపించింది.

ఆదివారం ఇర్మియా గదికి పోయా.
లోపల గడియ. ఫోను బియ్యం డబ్బాలో పూడ్చిపెట్టాడు.
"నిన్ను కూడా తిట్టారా పిన్నీ?" అని
దుప్పటి మొహం మీదికి లాక్కున్నాడు.

పొట్లం విప్పి ముందు పెట్టా.
చేతికి ఎంతొచ్చింది?
ఏడు వేలు.
ఎంత కట్టావ్?
పదకొండు.
ఇంకెంతంట?
పద్దెనిమిది.
రాత్రి రుబ్బిన పిండి తెల్లారేసరికి పొంగుద్ది,
మరీ ఇంత పొంగదు.

"న్యాయంగా తేలింది ఇద్దువుగాని.
సిగ్గు కూడా తాకట్టు పెట్టినట్టు
ఏ కాగితం మీద సంతకం చేశావ్?"
వాడు నిజంగానే ఆలోచించాడు.
"కాగితమే లేదు పిన్నీ. సరే అన్నచోట నొక్కా."

సోమవారం బండి పెట్టలా.
క్యాలెండరు మేకు నుంచి ఊడదీసి, చుట్టి చంకన పెట్టుకుని
వాణ్ణి వెంటేసుకుని అరండల్‌పేట స్టేషనుకి.
రైటరు దాన్ని తలకిందులుగా పట్టుకుని
"ఇదేందమ్మా, పాలలెక్కా?" అన్నాడు.
వేలు పెట్టి ఒక్కోటీ చదివి చెప్పా.
ఇడ్లీ గీతలొచ్చిన చోట
"అది నాది, అది మీకొద్దు" అన్నా.
రశీదు చేతికొచ్చిందాకా బెంచీ మీంచి లెగవలా.

ఫోన్లు ఆగినయ్యా అంటే, తగ్గినయ్.
ఇర్మియా వస్తున్నాడు, గారె మానేశాడు.
మొన్న ఏడు దాటి పది నిమిషాలకి మళ్ళీ,
"ఇడ్లీ పిన్నేనా?"
"అంకమ్మని. నీ పేరేంది నాయనా?
మెల్లిగా చెప్పు, రాసుకుంటున్నా."

మాట లేదు.
వాడి వెనకాల, అదే గదిలో, ఇంకో గొంతు
ఇంకెవరినో అడుగుతోంది,
"పాల బాబాయేనా?"